గదికొక పుస్తకం

స్వరూప అశోక్‌నగర్ హాస్టల్లో ఐదేళ్లు పోటీ పరీక్షలకు చదివింది. ఉద్యోగం రాలేదు. ఇప్పుడు దోమలగూడలో ఒక ఆఫీసు డేటాబేస్ చూసుకుంటోంది. ఆ పనిని ఇంగ్లిష్ పుస్తకాలతో కుస్తీపట్టి నేర్చుకుంది. తెలుగు మీడియం పిల్లలకు కంప్యూటర్ ఎక్కదన్నది పచ్చి అబద్ధం. వాళ్ల కోసం రాయాల్సినవాళ్లు రాయలేదు, అంతే.

స్వరూప రాసింది. రెండేళ్లు, ఆదివారాలు. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ భాష మీద పన్నెండు అధ్యాయాలు. ఉదాహరణలన్నీ హాస్టల్‌వే: ఏ గదిలో ఎవరున్నారు, ఎవరిది ఏ జిల్లా, ఏ అంతస్తుకు నీళ్లు రాలేదు.

ప్రచురణకర్తలు "ఎవరు కొంటారమ్మా" అన్నారు. దాంతో ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరిచింది. నలభై రోజుల్లో మూడు వందల మంది ముందుగా డబ్బు కడితే పుస్తకం అచ్చవుతుంది. ఒక్కరు తగ్గినా అందరి డబ్బూ వెనక్కి పోతుంది. కట్టినవాళ్లకు మొదటి ఆరు అధ్యాయాలు వెంటనే ఫోన్‌కు పంపింది.

ముప్పై తొమ్మిదో రోజుకు తొంభై ఆరు మంది. ఆ సాయంత్రం ఏదో కాగితం ప్రింట్ తీసుకోవడానికి అశోక్‌నగర్‌లో పాత హాస్టల్ పక్కనున్న జగదీశ్వర్ జిరాక్స్ దుకాణానికి వెళ్లింది. అరలో స్పైరల్ బైండింగుల వరుస. పైన ఆమె పేరు.

"అక్కా, నీ బుక్కు మస్తు నడుస్తున్నది! ఇయ్యాల్నే పదకొండు బైండింగులు కట్టిన," అన్నాడు జగదీశ్వర్.

"నిన్నెవరు కట్టుమన్నరన్నా?"

"గదేంది, పిల్లలే తెస్తున్నరు. రూముకొకలు కొంటరు, మిగిలినోళ్లు జిరాక్స్. మన దగ్గర ఎప్పుడు గట్లనే గదా."

అవును. ఆమె కూడా ఐదేళ్లు అట్లాగే చదివింది. మూడు వందల లెక్క వేసినప్పుడు అది గుర్తుకే రాలేదు.

పక్కన నిలబడ్డ హాస్టల్ పిల్ల మహిత ఆమెను గుర్తుపట్టింది. "అక్కా, మేం ఆరుగురం కలిసి ఒకటి ఆర్డర్ పెట్టినం!" అంది గొప్పగా.

"ఆరుగురు ఆరు పెడితే బుక్కు అచ్చయితుండె కదనే."

"ఆరు ఏం జేసుకుంటమక్కా? రూమ్‌ల మంచాలకే జాగ లేదు." మహిత తన కాపీ తెరిచింది. "గానీ నలభై మూడో పేజీల నీ జవాబు తప్పక్కా. ఖాళీ గది లెక్కల రాలే. మేం చేసి చూసినం."

స్వరూప పెన్సిల్ గీతల వెంట చదివింది. తప్పు ఆమెదే. కోప్పడదామనుకున్న మనిషి, పెన్ను అడిగి తీసుకుని దిద్దుకుంది.

నలభయ్యో రోజు పేజీ మూతపడింది. డబ్బు వెనక్కి పోయింది.

నెల తర్వాత మళ్లీ తెరిచింది. ఈసారి అడిగింది వంద గదులను. తక్కువ ప్రతులు కాబట్టి ధర ఎక్కువే, కానీ ఆరుగురు పంచుకుంటే బరువు కాదు. ఆరు చేతులు మారినా ఊడని కుట్టు, పెన్సిల్‌తో రాసుకోవడానికి వెడల్పు మార్జిన్లు. పదిహేడు రోజుల్లో నూట నాలుగు గదులు చేరాయి. నారాయణగూడలో అచ్చయింది.

పుస్తకాలు వచ్చిన రోజు జగదీశ్వర్ ఫోన్ చేశాడు. "అక్కా, దీన్ని గూడ జిరాక్స్ తియ్యమంటున్నరు. ఏం చెయ్యాలె?"

"తియ్యన్నా. గానీ పాత బైండింగులు అమ్మకు. నలభై మూడో పేజీ తప్పున్నది."