లెక్కలో చేరని ఇల్లు

మొన్న మా ఆడబిడ్డ మనవరాలి పెండ్లికని నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కారులో పోతూ, సీట్లో సర్దుకొని, కండ్లద్దాలు తుడుచుకొని, బయట జొన్నచేలు ఏమైనా మిగిలాయా అని తొంగిచూసేలోగానే రుద్రవరం వైపు తిరిగే రోడ్డు వచ్చి వెనక్కి పోయింది. బండి నడుపుతున్న మా అల్లునికి అది అన్ని మలుపుల్లో ఒక మలుపు. నాకు మాత్రం ఒంటి నిండా ఎర్రదుమ్ముతో, ఒళ్లో కాగితాల సంచితో, జీపు వెనక బల్ల మీద ఎగిరెగిరి పడుతూ పోయిన నా ఇరవైల వయసు ఆ మలుపు దగ్గరే ఇంకా నిలబడి ఉన్నట్టు అనిపించింది.

మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, టీచరు ట్రైనింగు ముగించి, పిలుపు రాక ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు ఆ రోజుల్లో వీధికొకరు ఉండేవాళ్లు. నంద్యాలలో మా వీధికి నేను. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. ఆదివారం చర్చిలో ఎవరో చెప్పగా విన్నాడు, హైదరాబాదు నుంచి ఒక పరిశోధన సంస్థవాళ్లు వచ్చి ఈ చుట్టుపక్కల ఊళ్లలో సర్వే చేస్తున్నారని, చదువుకున్న ఆడపిల్ల ఒకతె వాళ్లకు కావాలని. రాష్ట్రంలో పేదవాళ్లకు ఆసుపత్రి, బడి, కోర్టు, తాగే నీళ్లు ఏమాత్రం అందుతున్నాయో తెలుసుకొని ప్రభుత్వానికి చెప్పడం వాళ్ల పని. తెలియనివాళ్లతో జీపులో ఊళ్లు తిరిగే పని అనేసరికి మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ, నాయన నన్ను వెంటబెట్టుకొని పోయి ఆ సర్వే నడిపే మేడమ్‌ను చూసి, పది మాటలు మాట్లాడి, ఈమె దగ్గరికి పంపితే బడికి పంపినట్టేనని ఇంటికొచ్చి తేల్చేశాడు.

మేడమ్‌ది గుంటూరు వైపు. నేత చీర, మగవాళ్ల చేతిగడియారం, నవ్వీ నవ్వని ముఖం. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్ల కొట్టాల పక్కన ఒక మిద్దె అద్దెకు తీసుకున్నాము. తెల్లారేసరికి రాతి మీద ఉలి చప్పుడు మొదలయ్యేది, ఆ చప్పుడుతోనే మేము ఉగ్గాని తిని జీపెక్కేవాళ్లం. మేడమ్‌కు మా మాట సగమే తెలిసేది. ఎవరైనా యాడ, ఏందీ అని గట్టిగా అంటే కోపగించుకున్నారనుకొని నా వైపు చూసేది. కోపం కాదు మేడమ్, మా పలుకే అంత, అని నేను చెప్పీ చెప్పీ, చివరికి ఆమెకూ ఆ పలుకు కొంచెం అంటుకుంది.

ఆమె మాకు మొదటిరోజే ఒక కట్టడి పెట్టింది. మనం అడగాలి, వినాలి, రాసుకోవాలి, వచ్చేయాలి. సలహా చెప్పరాదు, సాయం చేస్తామని ఆశ పెట్టరాదు, జాలి ముఖంలో కనిపించరాదు. మనం కలగజేసుకుంటే మనం చూసేది వాళ్ల బతుకు కాదు, మన నీడ అని ఆమె వాదన. నాకది రాతిగుండె మాటగా తోచేది. కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి చెప్పులరిగిన ఒక ముసలాయన మా ముందు ఏడ్చినప్పుడు కూడా ఆమె కలం ఆగలేదు. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు.

రుద్రవరం దాటి నల్లమల కొండల వైపు పోయే దారిలో ఒక చిన్న పల్లె. ఎండాకాలం, మధ్యాహ్నం. అరుగు మీద మిరపకాయలు తుంచుతూ ఒక అత్త, గోడకు ఆనుకొని నెలలు నిండిన కోడలు. ఆ కోడలి మొగుడు మిరపకాయల బస్తాలతో గుంటూరు మార్కెట్టుకు పోయి ఉన్నాడు. ఎవురి బిడ్డవమ్మా నువ్వు, ఏ ఊరు, అని ముందు మమ్మల్ని సర్వే చేసి, మజ్జిగ ఇచ్చి, ఆ తర్వాతనే ఆ అత్త మమ్మల్ని అడగనిచ్చింది. బడి గురించి అయింది, నీళ్ల గురించి అయింది, ఆరోగ్యం దగ్గరికొచ్చాము. కాళ్లు వాచినాయా అని చదివాను, వాచినాయి అన్నది ఆ పిల్ల. చేతులు, ముఖం? వాచినాయి. తలనొప్పి? తెల్లారినప్పటి నుంచీ పగిలిపోతాంది. చూపు? ఆ పిల్ల నా వైపు తిరిగి, నువ్వు మసకమసకగా కనబడతాండావక్కా, అన్నది.

నా పక్కన కలం ఆగిన చప్పుడు, అంటే చప్పుడు లేకపోవడం, నాకు స్పష్టంగా తెలిసింది. మేడమ్ కాగితాలు నేల మీద పెట్టేసి, ఆ పిల్ల పాదం మీద వేలితో నొక్కి చూసింది. వేలు పడిన చోట గుంట పడి అట్లాగే నిలిచింది. లేచి నిలబడి, అమ్మా, ఈ పిల్లను ఇప్పుడే నంద్యాల తీసుకుపోవాలి, ఆలస్యమైతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు, అన్నది.

అత్త మిరపకాయలు వదల్లేదు. "ఏందీ మేడమ్మా, రాసుకుండేది రాసుకోని పోండి. మా ఇంట్లో కాన్పులన్నీ ఈ గడప లోపలే అయినాయి."

మేడమ్ మళ్లీ చెప్పింది, నేను చెప్పాను, జీపు నడిపే అన్న కూడా వచ్చి, "అవ్వా, నా బండిలో పిల్చుకపోయి నా బండిలోనే తెచ్చి దింపుతా, నాది పూచీ" అన్నాడు. ఎంతకీ లొంగలేదు. చివరికి చేతిలో చేట పక్కకు నెట్టి, మా ముగ్గురినీ చూసి, "నా కూతుర్ని ఇట్లే బండెక్కించినారు. నన్ను లోపలికి రానీలేదు. మళ్లా తెల్లగుడ్డ చుట్టి ఇచ్చినారు. ఇంకొకర్ని ఇచ్చేదానికి నా దగ్గర లేరు" అన్నది. ఏడవలేదు.

మేడమ్ ఆమె పక్కన మిరపకాయల మధ్యనే కూర్చుంది. ఘాటుకు కండ్లలో నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. కొంచెంసేపటికి, ఆమెకు అబ్బిన మా పలుకులోనే, "నువ్వూ బండెక్కు. ఆడ నిన్ను లోపలికి రానీయకపోతే నేనూ పోను. ఇద్దరం వాకిట్లోనే కూచుందాం" అన్నది. ఆ అత్త ఆమె ముఖంలోకి చూసి, లేచి, చేతులు కడుక్కొని, కోడలి తల మీద తడిగుడ్డ వేసి, "బేగా పోనీ అప్పా" అని డ్రైవరన్నను కసిరింది.

ఆ దారి ఎట్లా గడిచిందో చెప్పలేను. ఆ పిల్ల తల నా ఒళ్లో ఉంది. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరన్న ఎవరినో క్షమించమని అడుగుతున్నట్టు నడిపాడు. నంద్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసీ చూడగానే లోపలికి తీసుకుపోయి, ఆపరేషన్ చేయాలన్నది. తలుపు దాకా అత్తను రానిచ్చారు, ఆ పైన రానీయలేదు. మాట ఇచ్చినట్టే మేడమ్ ఆమెతోపాటు తలుపు బయట బెంచీ మీద కూర్చుంది.

అక్కడ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. భయం మరిచిపోవడానికేమో, ఆ అత్త మేడమ్‌ను ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. నీకు పెండ్లి అయిందా, ఎందుకు కాలేదు, వంట నువ్వే చేసుకుంటావా, జరమొస్తే ఎవరు చూస్తారు, ఇంతమంది ఇండ్లకు పోతావు గదా నీ ఇంటికి ఎవరొస్తారు. మాతో సొంత విషయం ఒక్కటీ చెప్పని మేడమ్ అన్నిటికీ వరసగా, ఒద్దికగా జవాబులిచ్చింది. చిన్నప్పుడే తండ్రి పోతే చెల్లెళ్లను చదివించిందని, ఆ పనిలోనే పెండ్లి వయసు దాటిపోయిందని, జ్వరమొస్తే ఎవరూ చూడరని నాకు ఆ రోజే తెలిసింది. దీపాలు పెట్టే వేళకు నర్సమ్మ తలుపు తీసి, ఆడపిల్ల, ఇద్దరూ బాగుండారు, అని చెప్పింది. అత్త మేడమ్ చేయి పట్టుకొని వదల్లేదు. వదిలించుకోవడానికి మేడమ్ కూడా చూడలేదు.

మరునాడు పొద్దున ఆళ్లగడ్డ మిద్దెలో కాగితాలు సర్దుతూ మేడమ్ ఆ ఇంటి కాగితాలను పక్కకు తీసేసింది. ఈ ఇల్లు మన లెక్కలోకి రాదన్నది. నాకు ఒళ్లు మండింది. మనం చేసిన ఒకే ఒక్క మంచిపని లేనట్టే చేస్తారా అని గట్టిగా అడిగాను. ఆమె కోపగించుకోలేదు. ఆ ఊరికి నిన్న జీపు వచ్చింది కాబట్టి ఆ పిల్ల ఆసుపత్రికి చేరింది, రేపు ఇంకొక పిల్లకు ఏ జీపూ రాదు, ఈ ఇంటిని లెక్కలో చేరిస్తే ఆ ఊరివాళ్లు ఆసుపత్రికి పోగలుగుతున్నారని ప్రభుత్వానికి మనమే అబద్ధం చెప్పినట్టు, అని నిదానంగా చెప్పింది. కలం ఆపకుండా రాసుకోవడం కూడా ఒకరకం జాలేనని నాకప్పుడు అర్థమయింది. ఆ తర్వాత ఆమె మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు.

పుట్టిన పిల్లకు మేడమ్ పేరే పెడతారని డ్రైవరన్నా నేనూ అనుకున్నాము. పెట్టలేదు. ఆ అత్త తన చచ్చిపోయిన కూతురి పేరు పెట్టుకుంది. ఆ సంగతి చెప్పినప్పుడు మేడమ్ నవ్వింది, అంత సంతోషంగా ఆమె నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

రిపోర్టు అచ్చయి వచ్చింది, ఎవరు చదివారో తెలియదు. కొన్నేండ్లకు ఆ పల్లె పక్కన నర్సమ్మ ఉండే చిన్న కట్టడం లేచింది. మావల్లనే అని చెప్పుకునే ధైర్యం నాకు లేదు, కాదని ఒప్పుకునే మనసూ లేదు. నాకు బడిలో ఉద్యోగం వచ్చింది, పెండ్లయింది, పిల్లలయ్యారు, బతుకు నిండుగానే సాగింది. మేడమ్ హైదరాబాదులో పోయినప్పుడు పక్కన ఆమె చెల్లెళ్లందరూ ఉన్నారని తెలిసి, చాలారోజులుగా నాలో ఉన్న ఒక దిగులు తీరింది.

ఇప్పుడు ఫోన్ చేస్తే ఇంటి ముందుకే అంబులెన్సు వస్తుంది. కాన్పుకు ఇంట్లోనే ఉండిపోయే పిల్ల ఆ పల్లెల్లో కనపడదు. దీనికంటే మంచి మార్పు ఏముంటుంది, నేను ఎవరితోనూ వాదించను. కానీ ఈమధ్య ఆసుపత్రికి పోయినప్పుడల్లా చూస్తున్నాను, బెంచీల మీద పక్కపక్కనే కూర్చున్నవాళ్లు చేతిలో ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, ఒకరి భయం ఇంకొకరికి తెలియకుండానే వాళ్ల పేర్లు పిలిచి లోపలికి తీసుకుపోతారు. పోయినసారి నా పక్కన ఒక కొత్త కోడలు ఒక్కతే కూర్చొని వేళ్లు నలుపుకుంటూ ఉంది. నీది ఏ ఊరమ్మా అని అడిగాను. మొదట ఉలిక్కిపడింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టి, తన పేరు పిలిచినా వినిపించుకోనంతగా చెప్పింది.