ఎడమ పిడికిట్లో అరవై

నేను లెక్కల మాస్టారిని. వేళ్ళమీద లెక్కపెట్టే పిల్లల్ని చూస్తే అప్పట్లో ఒంటికాలిమీద లేచేవాణ్ణి.

డెబ్బైల్లో ఓ మధ్యాహ్నం రావులపాలెంలో బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే ఓ పెద్దాయన, లారీకెక్కుతున్న అరటిగెలల్ని లెక్కపెడుతున్నారు. ఆయన కుడి బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ కణుపుల మీద నడుస్తోంది. పన్నెండు కణుపులూ అయిపోగానే ఎడమచేతి వేలొకటి ముడిచారు. అలా అయిదు వేళ్ళూ ముడిచి పిడికిలి మూతపడగానే, కండువా కొసకి ఓ ముడి వేశారు.

పన్నెండైదులు అరవై! నాకు ఒళ్ళు జల్లుమంది.

"అయ్యబాబోయ్, ఇది సుమేరియన్ల లెక్కండీ!" అని అరిచేశాను. "వేల ఏళ్ళ కిందట రెండు నదుల మధ్య వాళ్ళూ అరవైలతోనే లెక్కపెట్టారు. ఇలా కణుపుల మీదే మొదలైందని కొందరంటారు. మీ వాచీలో గంటకి అరవై నిమిషాలూ వాళ్ళ చలవేనండీ!"

ఆయన బొటనవేలు ఆగిపోయింది, గెలలు మాత్రం లారీ ఎక్కుతూనే ఉన్నాయి. ఎక్కడిదాకా వచ్చారో మరిచిపోయారు. చివరి ముడి తర్వాత ఎక్కించిన గెలలన్నీ కిందికి దింపించి, అప్పుడు నావైపు తిరిగారు.

"వాళ్ళు లెక్కెట్టుకునేటప్పుడు పక్కన ఎవరూ మాట్టాడేవారు కాదనుకుంటానండి," అన్నారు నెమ్మదిగా.

ఆ తర్వాత నా క్లాసులో ఏ పిల్లాడు వేళ్ళు ముడుస్తున్నా, వాడి లెక్క పూర్తయ్యేదాకా నేను నోరు మెదపలేదు.