రెండోసారి పిలుస్తారని

థ్యాంక్స్ గివింగ్ అంటే ఏమిటో సరిగ్గా తెలియకముందే నన్ను దానికి పిలిచారు. కెనడాలోని సర్రీలో మేం అద్దెకున్న బేస్‌మెంట్ పైన ఇంటావిడ కుటుంబం ఉండేది. అక్టోబర్ మొదట్లో ఒక సాయంత్రం ఆవిడ మెట్లు దిగివచ్చి, వచ్చే సోమవారం థ్యాంక్స్ గివింగ్, మా ఇంట్లో డిన్నర్, నువ్వూ రా, మా అత్తగారు కూడా నిన్ను పిలవమంది అని చెప్పింది. ఆవిడతో నా మాటలు సగం హిందీ, సగం ఇంగ్లీషు. "పర్లేదు ఆంటీ, మీ ఫ్యామిలీ అంతా ఉంటారు, మధ్యలో నేనెందుకు. మా ఫ్రెండ్స్ వస్తామన్నారు, ఇక్కడే ఏదో వండుకుంటాం" అన్నాను. వస్తామన్న ఫ్రెండ్స్ ఎవరూ లేరు.

"ఓ, లవ్‌లీ. ఎంజాయ్ డియర్" అని ఆవిడ నవ్వి పైకి వెళ్లిపోయింది.

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. కరీంనగర్‌లో మా ఇళ్లలో అయితే కథ ఇక్కడే మొదలవ్వాలి. ఎవరింటికైనా వెళ్తే చాయ్ తాగుతావా అని అడుగుతారు. ఇప్పుడే తాగి వచ్చాను అనాలి. అప్పుడు వాళ్లు ఊరుకోకూడదు, మా ఇంట్లో తాగవా ఏంది అని నిష్ఠూరమాడాలి. అయితే సగం చాలు అనాలి. వాళ్లు గ్లాసు నిండా పోయాలి. మొదటి పిలుపుకే లేచి వెళ్లినవాళ్లను మా అమ్మ "ముఖం వాచిపోయున్నరు" అనేది. వద్దనడం మర్యాద, ఆ వద్దును పట్టించుకోకపోవడం అంతకన్నా పెద్ద మర్యాద. ఈ ఆట ఇద్దరికీ తెలిసుండాలన్న సంగతి సర్రీ వెళ్లేదాకా నాకు తట్టనే లేదు.

వాళ్లు ఫిజీవాళ్లు. చెరకు తోటల్లో పనికి విశాఖ జిల్లా నుంచి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్ల వంశం. కానీ ఇంట్లో హిందీ, బయట ఇంగ్లీషు. ఇంటాయనకు తెలుగులో నీళ్లు, అన్నం తెలుసు, చిన్నప్పుడు తిన్న రెండు తిట్లు తెలుసు. పిల్లలకు అవీ తెలియవు. ఆ ఇంట్లో తెలుగు మిగిలింది ఒక్క ముసలమ్మ నోట్లోనే. ఇంటాయనకు తల్లి, ఎనభై దాటిన మనిషి. భర్త పోయాక ఆమెతో తెలుగు మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. మాట్లాడక మాట్లాడక సగం మాటలు మరిచిపోయింది.

నేను దిగే నాటికి సర్రీలో బస్సెక్కితే సగం మంది మాలాంటి స్టూడెంట్లే. ఏ బేస్‌మెంట్ చూసినా నేల మీద పరుపులు, గుమ్మంలో గుట్టగా బూట్లు. మా దాంట్లో నలుగురం అమ్మాయిలం. క్లాసులకన్నా పార్ట్‌టైమ్ జాబ్ వెతుక్కోవడమే పెద్ద చదువు. చివరికి నాకు ఒక గోడౌన్‌లో పెట్టెలకు స్టిక్కర్లు అంటించే పని దొరికింది. మేం బట్టలు ఉతుక్కోవాలంటే పైన వాళ్ల లాండ్రీ గదికే వెళ్లాలి. నాకు ఆదివారం ఇచ్చారు. మొదటిసారి వెళ్లినప్పుడు ముసలమ్మ అక్కడ స్టూలు మీద కూర్చుని తువ్వాళ్లు మడతపెడుతోంది. నేను ఫోన్లో తెలుగులో ఎవరితోనో గొడవపడుతున్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏ ఊరు గుంటా నీది?" అంది.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. గుంట అంటే వాళ్ల వైపు ఆడపిల్ల అని తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఆదివారాలు మెషిన్ తిరుగుతున్నంతసేపూ మాట్లాడుకునేవాళ్లం. మాట్లాడటమంటే, ఆమె ఒక్కో వస్తువు పట్టుకుని దీన్ని ఏటంటారు అని అడగడం, నేను చెప్పడం. దువ్వెన, పిడత, తలగడ. కొన్ని నేను చెప్పకముందే ఆమెకు గుర్తొచ్చేవి, అప్పుడు తొడ చరుచుకుని నవ్వేది. నిజం చెప్పాలంటే నాకు కొన్నిసార్లు విసుగ్గా కూడా ఉండేది. షిఫ్టు చేసి వచ్చి ఉన్నాను, బట్టలు ఆరితే చాలు వెళ్లి పడుకుందామని ఉండేది. కానీ ఆమె ముందు లేవాలంటే మొహమాటం.

ఆ పండగకు ముందు ఆదివారం ఆమె అడిగిన మాటలు వేరుగా ఉన్నాయి. వస్తువుల జోలికి పోలేదు.

"తాంక్యూ అంటారు గదా ఈలు. మనోలు ఏటంటారు?"

నేను ఆలోచించాను. పుస్తకంలో మాటలున్నాయి గానీ అవి ఎవరూ ఇంట్లో అనరు. "మనం అట్ల అనం అవ్వా. మీ మేలు మర్చిపోను అంటం" అన్నాను.

"మేలు" అని ఆమె రెండుసార్లు నోట్లో తిప్పుకుంది. తర్వాత, సముద్రం దాటి వచ్చిన వాళ్లను ఏమంటారు, కన్నతల్లి ఊరిని ఏమంటారు అని అడిగింది. ఎందుకవ్వా అంటే, "సోమారం వస్తావు గదా" అని మాత్రం అంది. "సూద్దాం అవ్వా" అన్నాను. మా వైపు చూద్దాం అంటే రాను అని. ఆమెకు అది ఎలా వినపడిందో నాకు తెలియదు.

లాంగ్ వీకెండ్ అని నాతో ఉండే ముగ్గురూ ఎవరిదో కారులో కొండలు చూడటానికి వెళ్లారు. శని, ఆదివారాలు నాకు షిఫ్టులుండి ఆగిపోయాను. సోమవారం మాత్రం పూర్తిగా సెలవు. పొద్దున్నే తలస్నానం చేశాను. ఉన్న ఒక్క మంచి కుర్తా ఇస్త్రీ చేసుకున్నాను. ఎవరూ పిలవని పేరంటానికి సింగారమెందుకే అని నన్ను నేనే తిట్టుకుంటూ కాటుక కూడా పెట్టుకున్నాను. వాళ్లు మళ్లీ పిలుస్తారనే నమ్మకం. పిలవకుండా ఎలా ఉంటారు, కింద ఒక మనిషి ఉందని తెలిసీ ఎలా తింటారు అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక పై నుంచి మసాలా వాసన దిగింది. వాళ్లు టర్కీకి కూడా ఫిజీ మసాలా పట్టిస్తారట. కార్లు వచ్చి ఆగిన చప్పుడు, పిల్లల పరుగులు, కుర్చీలు జరిపిన చప్పుడు. మెట్ల మీద ఎవరి అడుగైనా పడితే లేచి చున్నీ సర్దుకునేదాన్ని. అది పిల్లలెవరో ఆడుకోవడం. మొహమాటానికి పోతే కడుపయ్యిందని మా దగ్గర ఆడవాళ్లు నవ్వుకుంటూ చెప్పుకునే సామెత ఒకటుంది. నాకు మాత్రం కడుపు మాడింది.

ఇంకో చిక్కు, ఫ్రెండ్స్ వస్తారని చెప్పాను కదా. బేస్‌మెంట్ మరీ నిశ్శబ్దంగా ఉంటే పైవాళ్లు ఏమనుకుంటారు. అందుకని నాలుగు గిన్నెలు తీసి సింకులో చప్పుడు చేశాను. కుళాయి తిప్పి వదిలాను. ఒకసారి గట్టిగా నవ్వాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం చాలా సీరియస్‌గానే చేశాను.

తర్వాత పెరుగన్నంలో ఆవకాయ కలుపుకుని కుర్తా మీద మరక పడకుండా మంచం మీద కూర్చున్నాను. పై గదిలో మాట్లాడితే హీటర్ గాలి వచ్చే కన్నాల్లోంచి మాకు వినపడేది. ముందు అందరి గోల, తర్వాత ఒక్కసారిగా ఆగిపోయింది. ఒక్కరే మాట్లాడుతున్నారు, తర్వాత ఇంకొకరు. మధ్యలో చప్పట్లు. వాళ్ల సంతోషం నా నెత్తి మీద నడుస్తున్నట్టుంది. నాకు కోపం వచ్చింది. పిలిస్తే సరిగ్గా పిలవాలి, లేకపోతే మానాలి అని ఆవిడను మనసులో కడిగేశాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వాల్యూమ్ పెంచి, పాత కామెడీ సీన్లు వరసగా చూశాను. అవి తీసేసరికి కార్లు వెళ్లిపోతున్నాయి. నా మొదటి థ్యాంక్స్ గివింగ్ అలా అయిపోయింది.

మర్నాడు ఇంటావిడ ఒక ప్లేటు మీద ఫాయిల్ కప్పి తెచ్చింది. టర్కీ, ఉడికించిన కర్రపెండలం, గుమ్మడికాయ. నీ ఫ్రెండ్స్ ఉన్నారని నిన్న డిస్టర్బ్ చేయలేదు అంది. నిజంగానే అలా అనుకుంది పాపం. తర్వాత గుమ్మంలోనే నిలబడి ముసలమ్మ సంగతి చెప్పింది.

తినేముందు బల్ల చుట్టూ ఒక్కొక్కరూ తాము దేనికి థ్యాంక్స్ చెప్పుకుంటున్నారో చెప్పడం వాళ్లింటి అలవాటు. ముసలమ్మ ప్రతి ఏడూ చేయి ఊపి "సేమ్, సేమ్" అనేసేది. ఈసారి లేచి నిలబడిందట. తెలుగులో మాట్లాడిందట, చాలాసేపు. మధ్యలో ఏడ్చింది, నవ్వింది కూడా. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. రికార్డు చేద్దామంటే, డిన్నర్ దగ్గర ఫోన్లు ఉండకూడదని ఆవిడే అందరివీ తీసుకుని లోపల పెట్టింది. "అందరం చప్పట్లు కొట్టాం" అంది ఆవిడ. "నువ్వుంటే మాకు చెప్పేదానివి. అందుకే అమ్మ నిన్ను పిలవమని వారం నుంచి నా ప్రాణం తీసింది."

ఆవిడ వెళ్లాక ప్లేటు మంచం పక్కన పెట్టాను. మేలు అనే మాట నేనిచ్చిందే. సముద్రం, కన్నతల్లి ఊరు, అవీ నేనిచ్చినవే. వాటితో ఆమె ఏం కట్టుకుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలియగలిగిన ఒక్క మనిషినీ ఆమె అడిగి మరీ పిలిపించుకుంది. ఆ మనిషి కింద కూర్చుని అలిగి కామెడీ చూసింది. నాకు ఏడుపొచ్చింది.

రెండు ఆదివారాలు లాండ్రీకి పోలేదు. బట్టలు బాత్‌రూమ్‌లోనే పిండుకున్నాను. ఆ తర్వాత ఇంటావిడ చెప్పింది, ముసలమ్మ ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతోందని, ఇక్కడి చలి పడటం లేదని. అప్పుడు వెళ్లాను. స్టూలు మీదే ఉంది, అదే పని. ఏమీ జరగనట్టు నా చేతికో తువ్వాలు ఇచ్చి మడతపెట్టమంది. ఆ రోజు ఏం చెప్పావు అవ్వా అని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆమే ముందు ఎత్తింది.

"ఎవులూ రానేదు గదా నీకాడికి. నాను కిటికీకాడే కూకున్నాను. ఎవులూ రానేదు."

నేను మడతపెట్టిన తువ్వాలే మళ్లీ విప్పి మడతపెట్టాను.

"ఒక్కదానివే ఉన్నావని నాకు ఎరికే. నువ్వు పైకి రావు, సిగ్గు. అందుకే గట్టిగా సెప్పినాను, కిందకి ఇనబడేలాగ. ఇనబడ్డదా?"

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. నేను లేదు అనాల్సింది. లేదు అవ్వా, మళ్లీ చెప్పు అనుంటే ఆ మెషిన్ పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పేదే. ఆమెకు ఇష్టమైన పనే అది. కానీ అంత ఆశగా చూస్తున్న మనిషికి లేదు అని ఎలా చెప్పడం. చాయ్ తాగి వచ్చాను అన్నంత సులువుగా, "ఇనవడ్డది అవ్వా, అంతా ఇనవడ్డది" అన్నాను.

"అయితే సాలు" అంది. ముఖమంతా విప్పారింది. తువ్వాళ్ల దొంతర ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. అంతా విన్నదాన్ని ఇంకేమని అడగను.

చదువయ్యాక నాకు టొరంటోలో ఉద్యోగం వచ్చింది, నార్త్ యార్క్‌లో ఒక బ్యాంకు ఆఫీసు. అక్కడ ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే వెళ్లేదాన్ని. ఈ పిల్లకు మొహమాటం లేదు అని మా తెలుగువాళ్లే వెనక అనుకున్నారని విన్నాను. ఏటా థ్యాంక్స్ గివింగ్ సోమవారం మాత్రం ఎవరింటికీ వెళ్లబుద్ధయ్యేది కాదు, ఇంట్లోనే పెరుగన్నం తిని ఊరుకునేదాన్ని. ఇంటావిడ పండగలకు మెసేజ్ పెట్టేది. ముసలమ్మ ఎలా ఉందని అడిగేదాన్ని, బాగుందనేది. ముసలమ్మకే ఫోన్ చేసి ఆ రోజు ఏం చెప్పావని అడిగితే పోయేదానికి ఎందుకింత రాద్ధాంతం అనిపించేది. చేస్తే నేను అబద్ధమాడానని తెలిసిపోతుంది. రేపు చేద్దాం, పండక్కి చేద్దాం అని నానుస్తూ వచ్చాను.

ఒక మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో ఫోన్ మోగింది. ఇంటాయన. ఆయన నాతో ఎప్పుడూ రెండు మాటలకన్నా ఎక్కువ మాట్లాడలేదు. అమ్మ పోయిందని చెప్పారు. బ్రిస్బేన్‌కు బయల్దేరుతున్నానని, అక్కడ అంత్యక్రియల్లో అందరి ముందూ అమ్మ గురించి మాట్లాడాలని చెప్పారు. ఆయన గొంతు చాలా జాగ్రత్తగా ఉంది, హిందీలో ఒక్కో మాటా చూసి చూసి వేస్తున్నట్టు.

"ఆ రోజు తెలుగులో అమ్మ ఏదో చెప్పింది. ఏమన్నావమ్మా అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా, కింద ఆ అమ్మాయి అంతా విన్నది, ఎప్పుడన్నా ఆమెను అడుగు, ఆమె మంచిగా చెబుతుంది అనేది. నేనే ఇంతకాలం అడగలేదు. ఏం చెప్పింది బేటా?"

కల్పించి చెప్పగలను. మేలు, సముద్రం, కన్నతల్లి ఊరు, కావలసిన మాటలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఆయన రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నారని అవతల కాగితం చప్పుడుకే తెలుస్తోంది.

"నేను వినలేదు అంకుల్" అన్నాను. "ఆమె అడిగితే విన్నానని చెప్పాను. వినలేదు."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "అయితే ఇంక ఎవరికీ తెలియదన్నమాట" అన్నారు.