సత్యలక్ష్మి ఇంటర్వ్యూ

"లోపలికెళ్లాక నా పేరు కూడా గుర్తురాదేమోనండీ!" చంటిదాన్ని అమ్మకు అప్పగించి, పెళ్లయ్యాక మొదటిసారి ఉద్యోగం ఇంటర్వ్యూకొచ్చిన మధులత సర్టిఫికెట్ల ఫైలు మళ్లీ సర్దుకుంది. నిడదవోలు దగ్గర ఆ రొయ్యల మేత కంపెనీ ల్యాబులో ఖాళీలు రెండే. పక్క కుర్చీలోని సత్యలక్ష్మి కిసుక్కున నవ్వింది. జడలో సంపెంగ, చెవులకు ఊగే జూకాలు, ఒక్కచోట నిలవని కాళ్లు. ఎదురైన ప్రతివాళ్లనూ "కాఫీ తాగారాండీ?" అని పలకరిస్తోంది. పేరు పిలవగానే చెంగు దోపుకుని, కబడ్డీకి దిగినట్టు వెళ్లింది. తెరిచిన తలుపులోంచి మాటలు వినిపించాయి.

"మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలమ్మా?"

"చెప్తానండి. ముందు మీరు చెప్పండి, ఇదివరకటావిడ ఎందుకు మానేసిందండీ?"

ప్రశ్న అడిగినాయన పక్కనుంచి ఇంకెవరో, "ఈయన కేకలు పడలేకండి!" అన్నారు.

"ఓస్, అంతేనా! మా అత్తగారి దగ్గర బోలెడు ఎక్స్‌పీరియన్సుందండి నాకు!"

గదంతా పకపకలాడింది. అందరికంటే ఆ కేకలాయనే ఎక్కువ నవ్వాడు.

సత్యలక్ష్మి ఎగురుకుంటూ బయటికొచ్చి మధులత భుజం తట్టింది. "రేపట్నుంచి రమ్మన్నారమ్మాయ్! ఇంకోటి నీదే. భయమేస్తే ముందు మనమే ఓ ప్రశ్న అడిగెయ్యాలి. ఆనక భయం వాళ్లదే."

మధులత లోపలికెళ్లి, కూర్చోకముందే అడిగేసింది. "నమస్కారమండీ, నా పేరు మధులత. మీ పేరేంటండీ?"