రూత్ మేడమ్ తీసిన జాబితా

ఆ పేజీ చెడిపోయింది నా వల్లనేనని ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మొన్న సికింద్రాబాద్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో ఒక పెట్టె పంపడానికి నిలబడితే, కిటికీ లోపల పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కీచుమంటూ కదిలింది. సూదులు కాగితాన్ని పొడిచే ఆ చప్పుడు అచ్చం మా పాత ఆఫీసు ప్రింటరుదే. రసీదు తీసుకున్నాను గానీ ఇంటికి పోలేదు. లాలాగూడ వైపు నడిచాను. ఎవరి కోసమో చెప్పాలంటే రూత్ మేడమ్ గురించి మొదటి నుంచీ చెప్పాలి.

ఊళ్లో ప్రతి గోడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులవి. మెట్టుగూడలో ఒక మేడ మీద మూడు గదుల ఆఫీసు మాది. కాలేజీలకూ చిన్న ఆసుపత్రులకూ వెబ్‌సైట్లు చేసేవాళ్లం. నేను శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చాను. మేడమ్ మా అందరికీ సీనియర్. లాలాగూడలోనే పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశారు. తెల్ల కాటన్ చీర, చేతిలో స్కేలు, చెవి మీద ఎర్ర పెన్సిలు. ఆవిడను తలచుకుంటే ముందు ఆ పెన్సిలే కనబడుతుంది.

వెబ్ పేజీ చూసేవాళ్లకు ఒకటే గానీ, వెనక నడిచే స్క్రిప్ట్ ఇంకో ఫైలును పిలుస్తుంది, అది మరోదాన్ని పిలుస్తుంది. ఏవేవి నిజంగా లోపలికి వచ్చాయో ఊహించి చెప్పడం కష్టం. అందుకే మేడమ్ ప్రతి పేజీ చివరా చిన్న కోడ్ ఒకటి రాసేవారు. పేజీ నడిచాక, అది అప్పటిదాకా తెచ్చుకున్న ఫైళ్ల పేర్లన్నీ, ఏ ఫోల్డరు నుంచి వచ్చాయో సహా, వరుసగా కింద కనబడేవి. దాన్ని ప్రింటు తీసి, స్కేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ టిక్కు పెట్టి, అడుగున సంతకం చేసేవారు. సంతకమయ్యాక సర్వర్‌ను ఎవరూ తాకకూడదు. మా ఆఫీసులో అంతకు మించిన నియమం లేదు.

మొదటి వారంలోనే నన్ను పట్టుకున్నారు.

“నీ పేజీల ఎన్ని ఫైళ్లు వస్తయి?”

“తొమ్మిదండీ. నేనే రాశాను కదా.”

ప్రింటులో పద్నాలుగు ఉన్నాయి.

“నువ్వేం రాసినవో అడుగుతలేనయ్యా శ్రీకాకుళం, అది ఏం తెచ్చుకున్నదో చూడమంటున్న. బోగీ కింద పని అయినంక మా నాయన రెంచీలన్నీ ఎదురుగ పరిచి చూపియ్యాలె. నాకు యాదికున్నది అంటే మేస్త్రి ఒప్పుకునేటోడు కాదు.” నా ముఖం చూసి నవ్వారు. “తప్పు దొరికితే సిగ్గెందుకు? దొరకకపోతే పరేషాన్ కావాలె.”

నేను నేర్చుకున్న పనంతా ఆ మాటలోనే ఉంది. చేసిన ద్రోహమూ ఆ మాటకే చేశాను.

ఒక నర్సింగ్ స్కూలు ఎంపిక జాబితాను వెబ్‌సైట్లో పెట్టే పని వచ్చింది. ఆ ఉదయం మేడమ్ స్వయంగా పేర్లు ఎక్కించి, జాబితా తీసి, టిక్కులు పెట్టి, సంతకం చేసి భోజనానికి ఇంటికి వెళ్లారు. ఈలోగా స్కూలు నుంచి ఫోను: శీర్షిక అక్షరాలు చిన్నగా ఉన్నాయట. మేడమ్ వచ్చేదాకా ఆగమని చెప్పొచ్చు. నాకూ పని వచ్చని చూపించుకోవాలనిపించింది. అసలు పేర్లు చెడకుండా, నా ఫోల్డరులో పేర్ల ఫైలుకు నకలు ఒకటి చేసి, దాన్ని పేజీ పరీక్షించడానికి మేము వాడే నమూనా పేర్లకు కలిపి, ముందు నా ఫోల్డరులోనే వెతకమని సర్వర్‌కు చెప్పి, శీర్షిక సరిచేశాను. తర్వాత ఆ మార్పు తీసేయడం మరిచిపోయాను. ఆ నమూనాకు మేము వాడినవి దరఖాస్తు పెట్టిన అమ్మాయిల పేర్లే, చేతికొచ్చిన మొదటి ఇరవై. పేజీ వాళ్లనే ఎంపికైనవాళ్లుగా చూపించింది.

మర్నాడు ఖమ్మం వైపు నుంచి ఇద్దరు అమ్మాయిలు ట్రంకు పెట్టెలతో, నాన్నలతో స్కూలు గేటు దగ్గర దిగారు. అసలు జాబితాలో మీ పేర్లు లేవని వాళ్లను అక్కడి నుంచే పంపించేశారట. ఆ కబురు వచ్చేసరికి ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. జాబితా తీశాను. పదకొండో వరుసలో నా ఫోల్డరు పేరు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, ఫోల్డరు చెరిపేసి, సర్వర్‌ను మునుపటిలా చేశాను.

మేడమ్ వచ్చి మళ్లీ జాబితా తీశారు. అంతా శుభ్రంగా ఉంది, పేజీలో పేర్లూ ఇప్పుడు సరైనవే. స్కేలు రెండుసార్లు కిందిదాకా దించారు.

“నువ్వేమన్న ముట్టినవా?”

“లేదండీ.”

ఓనరు మూర్తి గారు గదిలోకి వచ్చారు. “ఏందమ్మా గిది? పేర్లు ఎక్కించింది నువ్వే, సంతకం నీదే. ఇంకెవల్ని అడగమంటవ్?”

“నన్నే అడగండి సార్,” అన్నారు మేడమ్, కాగితం మీంచి కళ్లు తీయకుండా. “ముందుగాల నేనే తప్పు పేర్లు ఎక్కించి, మల్ల మార్చిన్నేమో. యాదికొస్తలేదు.”

‘యాదికొస్తలేదు’ అన్న మాట ఆవిడ నోట నేను విన్నది అదొక్కసారే. ఆ వారాంతానికి ఆవిడను పంపించేశారు. ఆవిడ కుర్చీ నాకిచ్చారు. తర్వాత ఎన్ని కంపెనీలు మారినా ప్రతి పేజీకీ జాబితా తీయించాను. నా కింద పనిచేసేవాళ్లు ఆ పద్ధతికి నా పేరే పెట్టుకున్నారు. కాదనలేదు. ఇన్నేళ్లూ మెట్టుగూడలోనే ఉన్నాను. మేడమ్ వాళ్లింటికి పావుగంట నడక.

మొన్న తలుపు తీసింది ఆవిడే. అదే తెల్ల కాటన్ చీర గానీ మనిషి బాగా చిక్కిపోయారు.

“శ్రీకాకుళమా! జుట్టంత ఏడ పారేసినవయ్యా?”

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. ఆవిడ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“ఆ నౌకరి పోయినంక ఒక స్కూల్ల క్లర్కు పని చేసిన, తెలుసా? మార్కుల లిస్టు సుత ఇంకొకరికి చూపియ్యకుంట పంపలే. నా చూపు మీద నాకే నమ్మకం పోయింది. నువ్వు గింత దగ్గరుండి...” ఆగిపోయారు. మళ్లీ, పాతరోజుల గొంతుతో, ఒక్కోటీ అడిగారు.

“ఆ పొద్దున నేను ఎక్కించింది సరైన పేర్లేనా?”

“సరైనవే మేడమ్.”

“సంతకం పెట్టినప్పుడు పేజీ మంచిగనే ఉండెనా?”

“ఉంది. మీరు సరిగ్గానే చూశారు. సంతకం అయ్యాక సర్వర్‌ను తాకింది నేను. మీరు రాకముందే ఆనవాలు చెరిపేసింది నేను. మీరు అడిగితే లేదన్నదీ నేనే. నన్ను క్షమించండి మేడమ్.”