గీతకు అందని చుక్క

లారీ దిగేసరికి ఉదయం ఏడు. దేశంలో ఇంత చోటుండగా పటాలం నన్ను మా నరసాపురం దిగువన సముద్రపు గట్టుకే పంపింది. తొంభైల్లో ఒక వేసవి. ఉప్పుగాలి, బూట్ల నిండా ఇసుక. ఇసుకలో ఒక ఇనుప స్తంభం, దాని మీద రాడార్ డిష్. అది సరిగా తిరిగేలా చూడటం మా పని. మర్నాడే పరీక్ష.

ఉన్నది ముగ్గురం. ఉత్తరాది కెప్టెన్, తుని హవల్దారు గారు, మెకానిక్‌ని నేను.

గ్రాఫ్ అంటే మీకు కాలేజీ మార్కులు. మాకు అది డిష్ నాడి. డిష్‌ను మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా అటూఇటూ తిప్పుతాం. మనం తిరగమన్నదాంట్లో అది ఎంత తిరిగిందో ఒక్కో వేగానికి ఒక్కో చుక్క పెడతాం. వేగం పెరిగేకొద్దీ చుక్కలు కిందికి దిగాలి. వాటి మీదుగా స్కేలు పెట్టి గీత లాగుతాం. గీతకు అందని చుక్కను, కొలిచినవాడి తప్పని చెరిపేస్తాం. మా వర్క్‌షాపు అలవాటు అది.

ఆ రోజు ఒక చుక్క పైకి లేచి కూర్చుంది. మళ్ళీ కొలిచాను. అక్కడే.

"చెరిపెయ్యవయ్యా, ఎందుకొచ్చిన గొడవ" అంటూ హవల్దారు గారు రబ్బరు నా చేతిలో పెట్టి, కేబుల్ బిగించడానికి స్తంభానికి ఆనించిన నిచ్చెనెక్కారు.

నాకు ఒళ్ళు మండింది. అబద్ధమాడటం చుక్కకేం తెలుసు? ఇసుకలో స్తంభం వదులైంది. ఆ వేగం దగ్గర డిష్‌తో పాటు అదీ ఊగుతోంది. ఉయ్యాలను అదను చూసి తోసినట్టే. చుక్కను అలాగే ఉంచి గ్రాఫ్‌ను కెప్టెన్ టెంట్‌లో ఇచ్చి వచ్చాను.

వైర్‌లెస్‌లో కెప్టెన్ హిందీలో అన్నాడు: "గెయిన్ పెంచు. డిష్ ఇంకా చురుగ్గా కదలాలి." గెయిన్ అంటే మోటారు డిష్‌ను తోసే జోరు.

"పెంచితే ఊగుడు ఆగదు సార్. హవల్దారు గారు పైనున్నారు."

"గీత బాగానే ఉందిగా?"

"గీత బాగుంది సార్. చుక్క బాగాలేదు."

"సరే, ముందు ఆయన్ని దింపు. తర్వాత పెంచి చూడు."

"ఒక్క నట్టేనయ్యా, బిగించేసి వద్దును కదా" అని గొణుక్కుంటూ దిగారు. టోపీ పైమెట్టుకు తగిలించి మరిచారు.

గెయిన్ కొంచెమే పెంచాను. డిష్ అటు ఊగింది, ఇటు ఊగింది, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. కరెంటు ఆపేలోపే దాని అంచు నిచ్చెన పైమెట్టును విరగ్గొట్టింది.

మెట్టుకున్న టోపీ ఎగిరి అలల్లో పడింది.

క్యాంపు ఎత్తేశాక ఆయనా నేనూ ఒకే రైలెక్కాం. రాజమండ్రి వంతెన మీద ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. తుని వచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు రాజమండ్రిలోనే ఉంటున్నాను. చాలా మరిచిపోయాను. కానీ ఆ గట్టు పోదు: టోపీ అల మీద తేలిపోతోంది, హవల్దారు గారు రెండు చేతులతో తన తలను తడిమి చూసుకుంటున్నారు.