కొట్లు మూయించిన నర్సమ్మ గారు

నర్సమ్మ గారు పోయారు. ఆ మాట చెప్పడానికి నాన్న విజయవాడ నుంచి బస్సెక్కి చల్లపల్లి వచ్చాడు. కార్డు ముక్క రాసినా సరిపోయేది. నా పెళ్లయ్యాక పనిరోజున కొట్టు వదిలి ఆయన మా ఇంటికి రావడం ఇదే మొదటిసారి. చెప్పులైనా విప్పకుండా "మన నర్సమ్మ గారు వెళ్లిపోయారమ్మా" అంటూ గుమ్మంలోనే కూలబడ్డాడు.

ఆవిడ మాకు చుట్టమేమీ కాదు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, వన్ టౌన్‌లో మా సందు మొదట్లో ఒక గది తీసుకుని ఇంజెక్షన్లు చేస్తూ, బీపీ చూస్తూ ఉండేవారు. తెల్ల చీర, చేతికి మగవాళ్లు పెట్టుకునేంత వాచీ. ఎవరొచ్చినా ముందు జబ్బేమిటని అడిగేవారు కాదు. "ఎన్నింటికి లేచావు? ఎన్నింటిదాకా పని?" ఇదే ప్రశ్న. జ్వరమొచ్చి వెళ్లినదాన్ని, నాకెందుకీ విచారణ అని విసుక్కునేదాన్ని.

నాన్న బట్టల హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా. పొద్దున ఎనిమిదికి వెళితే మళ్లీ రాత్రి పదికే. నేను స్కూలు ఫైనలు చదివే ఏడు ఆయన కాళ్లు వాచాయి, ముక్కులోంచి రక్తం కారింది. అమ్మ బలవంతాన లాక్కెళితే నర్సమ్మ గారు బీపీ చూసి గాభరాపడి డాక్టరు గారి దగ్గరికి పంపారు. మధ్యాహ్నం రెండు గంటలు పడుకోకపోతే మనిషి దక్కడన్నారాయన. నాన్న "అలాగేనండీ" అని తిన్నగా కొట్టుకే వెళ్లాడు. అమ్మ ఏడ్చింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

"ఏడవకమ్మా," అన్నారు నర్సమ్మ గారు. "గుమాస్తాని పడుకోమంటే ఉద్యోగం ఊడుతుంది. ముందు షావుకారుని పడుకోబెట్టాలి."

ఆ వారమే షావుకారు గారు తల తిరుగుతోందని వచ్చారు. అమ్మ అక్కడే ఉంది. చూస్తే నాన్నకెంత బీపీ ఉందో ఆయనకూ అంతే!

"మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోవాలండీ."

"కొట్టు తెరిచిపెట్టి పడుకుంటే అది నిద్రా అమ్మా? కాపలా!"

"అయితే మూసేయండి."

"భలేవారే! బేరాలన్నీ ఎదురుకొట్టాయన తన్నుకుపోడూ?"

"ఆయనా మూస్తున్నారుగా. నిన్ననే వచ్చి మాటిచ్చి వెళ్లారు."

ఆ ఎదురుకొట్టాయన అసలు ఆవిడ గడప తొక్కితే కదా! షావుకారు గారు అటు వెళ్లగానే ఆవిడ గొడుగు తీసుకుని ఆయన దగ్గరికి బయలుదేరి, ఇదే మాట తిప్పి చెప్పొచ్చారు. ఒక్క ఆదివారమైనా చర్చి మానని మనిషి. అమ్మ బుగ్గలు నొక్కుకుంటే, "ఆ అబద్ధం సంగతి ప్రభువుతో నేను మాట్లాడుకుంటాలే," అన్నారు.

సోమవారం ఒంటిగంటకు రెండు కొట్లవాళ్లూ ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూ తలుపులు వేశారు. నెల తిరిగేసరికి సందంతా అదే దారి పట్టింది. షావుకారు గారు పరుపు మీద, నాన్న బట్టల బేళ్ల మీద, మూటలు మోసే ముఠావాళ్లు గోనెల మీద. గురక మాత్రం అందరిదీ ఒకటే. నాన్న కాళ్ల వాపు తీసింది. ముఠా మేస్త్రి నడుం మాత్రం బాగుపడలేదు, అప్పటికే ఆలస్యమైపోయింది. షావుకారు గారికి మందులూ ఫ్యానూ ఉన్నాయి, అతనికి ఆ నిద్రొక్కటే మందు. "ఉన్నవాడికి గుండె పోతుంది, లేనివాడికి నడుం పోతుంది. ఇద్దర్నీ తినేది గడియారమే," అనేవారు ఆవిడ.

నాన్న దక్కాడు. నా పెళ్లి తన చేతుల మీదుగా చేశాడు. అది మీ చలవేనని ఆవిడతో ఒక్కసారైనా అనలేకపోయాను, బుద్ధిలేనిదాన్ని.

అయితే సందు పడుకునే ఆ రెండు గంటలే జనానికి తీరుబడి. సూదిమందుకైనా బీపీకైనా అందరూ అప్పుడే వచ్చేవారు. "మరి మీరెప్పుడు పడుకుంటారండీ?" అని అమ్మ అడిగితే, "నాకు మూయడానికి కొట్టేదమ్మా!" అని నవ్వేవారు.

కాఫీ తాగి తేరుకున్నాక నాన్న చెప్పాడు. మొన్న ఒంటిగంటన్నరకి తనూ, షావుకారు గారూ, మేస్త్రీ బీపీ చూపించుకుందామని వెళ్లేసరికి ఆవిడ కుర్చీలో గోడకు తల ఆన్చి, కళ్లు మూసుకుని ఉన్నారట. నాన్న పిలవబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడట.

"లేపమాకండి బాబూ. ఇన్నేళ్లకి ఓ కునుకు పట్టింది తల్లికి."

షావుకారు గారు కిర్రుమనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారట. ముగ్గురూ చప్పుడు చేయకుండా బల్ల మీద కూర్చున్నారు. మూడు కొట్టింది. కొట్టు తెరవడానికి ఒక్కరూ లేవలేదట.